విద్యార్థి వారంలో ఎన్ని గంటలు?

తెలుగు రాష్ట్రాల డిగ్రీ కళాశాలల్లో సెమిస్టరు పద్ధతి మొదలై పదేళ్లవుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2015-16లో, తెలంగాణలో 2016-17లో ఏడాది చివరి పరీక్ష పోయి ఆరు నెలలకోసారి పరీక్ష వచ్చింది. క్రెడిట్లు, గ్రేడు పాయింట్లు, అంతర్గత పరీక్షలు (ఇంటర్నల్స్) వచ్చాయి. పది నెలలు తిరిగి చివరి నెలలో గైడు బట్టీపట్టే అలవాటు పోతుందని, చదువు బరువు ఏడాది పొడవునా సమంగా సర్దుకుంటుందని అప్పట్లో విశ్వవిద్యాలయాలు నమ్మాయి.

ఇప్పుడు ఎక్కడ చూసినా మాట ఒత్తిడి గురించే. ఇంటర్నల్స్ తగ్గించమని విద్యార్థి సంఘాలు అడుగుతున్నాయి. తరగతికే రానివాళ్లకు ఒత్తిడేమిటని అధ్యాపకులు ప్రశ్నిస్తున్నారు. ఫీజు బకాయిలే అసలు సమస్యని కొందరు, కౌన్సెలర్లు లేకపోవడమే లోపమని మరికొందరు అంటున్నారు. సుప్రీంకోర్టు జోక్యం చేసుకునేదాకా వచ్చింది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో దేశంలో విద్యార్థుల ఆత్మహత్యలు 2021లో 13,089, 2022లో 13,044, 2023లో 13,892. బడి పిల్లలు, కోచింగ్ విద్యార్థులు కూడా ఈ సంఖ్యల్లో ఉన్నారు కాబట్టి వీటిని నేరుగా సెమిస్టరు పద్ధతికి అంటగట్టలేం. అలాగని పక్కన పెట్టేయలేం కూడా.

చర్చ చిక్కుపడటానికి ఒక కారణముంది. ఒక్కో వర్గం విద్యార్థి జీవితంలో ఒక్కో ముక్కను పట్టుకుని దాన్నే మొత్తం సమస్యగా చూస్తోంది. తరగతి గది, పరీక్ష, ప్రయాణం, మెస్సు, డబ్బు, భాష, భయం అన్నీ కలిసి ఒకే మనిషి వారంలో ఇమడాలి. ఆ వారాన్ని మొత్తంగా కూడి చూసే బాధ్యత మాత్రం ఎవరికీ లేదు. అందుకే ఈ చర్చ చరిత్రను, అందులోని వాదాలను, ఇంకా తేలని ప్రశ్నలను ఒకచోట పెట్టి చూడాల్సిన అవసరం వచ్చింది.

వార్షిక పరీక్ష నుంచి సెమిస్టరు దాకా

కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు 1857లో లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో ఏర్పడ్డాయి. ఆనాటి లండన్ విశ్వవిద్యాలయం ప్రధానంగా పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థ. కోస్తా, రాయలసీమ కళాశాలల్లో చదివిన తెలుగు విద్యార్థులు మద్రాసు విశ్వవిద్యాలయం పరీక్షలే రాసేవారు. పాఠం చెప్పేవారు ఒకరు, ప్రశ్నపత్రం కూర్చేవారు మరొకరు. అనుబంధ కళాశాలల వ్యవస్థలో ఈ దూరం నేటికీ పోలేదు.

పరీక్షే చదువును శాసిస్తోందన్న ఫిర్యాదు కొత్తదేమీ కాదు. 1902లో భారతీయ విశ్వవిద్యాలయాల కమిషన్ బోధన పరీక్షకు లోబడిపోయిందని విమర్శించింది. 1948-49లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు అధ్యక్షత వహించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అంతకుముందు, 1931 నుంచి 1936 వరకు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపకులపతిగా పనిచేశారు. విశ్వవిద్యాలయ విద్యలో ఒకే ఒక్క సంస్కరణ సూచించాల్సి వస్తే అది పరీక్షల సంస్కరణే అవుతుందని ఆయన కమిషన్ తేల్చింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ ఏడాది పొడవునా అంతర్గత మూల్యాంకనం జరగాలని కోరింది. 1973లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) పరీక్షల సంస్కరణకు ఒక కార్యాచరణ పత్రం తెచ్చింది.

అంటే ఇవాళ విద్యార్థులు భారమంటున్న ఇంటర్నల్స్, ఒకప్పుడు భారం తగ్గించడానికి సూచించిన మందు. ఈ చర్చలో దిగేవారు ముందుగా గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది.

మార్పు మాత్రం నెమ్మదిగా వచ్చింది. 1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి బోధనా విశ్వవిద్యాలయాల్లో పాఠం చెప్పిన అధ్యాపకులే మార్కులు వేస్తారు కాబట్టి అక్కడ సెమిస్టరు సులువుగా కుదురుకుంది. వందల అనుబంధ కళాశాలలున్న చోట అది కష్టమైంది. జేఎన్‌టీయూ పరిధిలోని ఇంజినీరింగు కళాశాలల్లో కూడా చాలాకాలం మొదటి సంవత్సరం వార్షిక పద్ధతిలోనే సాగింది. 2009లో యూజీసీ సెమిస్టరు పద్ధతికి మారమని గట్టిగా చెప్పింది. 2015లో ఐచ్ఛిక క్రెడిట్ విధానం (సీబీసీఎస్) మార్గదర్శకాలు వచ్చాయి. 2020 జాతీయ విద్యావిధానం తర్వాత, 2022 డిసెంబరులో యూజీసీ మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 క్రెడిట్ల చట్రం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ 2020-21లో డిగ్రీ పాఠ్యప్రణాళికను మార్చి, సామాజిక సేవా ప్రాజెక్టుతో కలిపి పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది.

ఇలా ప్రతి సంస్కరణా ఏదో ఒకటి చేర్చుకుంటూ వచ్చింది. తీసేసినవి తక్కువ.

క్రెడిట్ లెక్క ఏం చెబుతోంది?

వారానికి ఒక గంట పాఠం, సెమిస్టరంతా సాగితే ఒక క్రెడిట్. ప్రయోగశాలలో అయితే రెండు గంటలకు ఒక క్రెడిట్. ఇది తరగతి గదిలో గడిపే సమయం లెక్క. 2023 నాటి జాతీయ క్రెడిట్ చట్రం ఇంకో అడుగు వేసి, ఏడాదికి 40 క్రెడిట్లు, 1,200 అభ్యసన గంటలు అని నిర్ణయించింది. పాఠం వినడం, ఇంటిదగ్గర చదవడం, అసైన్‌మెంట్లు రాయడం, పరీక్షకు సిద్ధపడటం అన్నీ కలిపి క్రెడిట్‌కు 30 గంటలన్నమాట. సెమిస్టరుకు 20 క్రెడిట్లయితే 600 గంటలు. పదిహేను వారాలకు పంచితే వారానికి 40 గంటలు.

కాగితం మీద ఇది న్యాయమైన లెక్కే. ఉద్యోగి వారమంత విద్యార్థి వారం.

దీన్ని ఒక మామూలు ఇంజినీరింగు విద్యార్థి వారానికి అన్వయించి చూద్దాం. ఇరవై క్రెడిట్లలో పద్నాలుగు పాఠాలవి, ఆరు ల్యాబులవి అనుకుంటే తరగతిలోనే 26 గంటలు గడుస్తాయి. నలభైలో మిగిలిన 14 గంటలు సొంత చదువుకు. ఇక లెక్కలోకి రానివి మొదలవుతాయి. క్రెడిట్ లేకపోయినా తప్పనిసరిగా ఉత్తీర్ణులు కావాల్సిన కోర్సులున్నాయి. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో రాజ్యాంగం, పర్యావరణ శాస్త్రం, జెండర్ సెన్సిటైజేషన్ ల్యాబ్ అలా ఉన్నవే. కళాశాల పెట్టే ప్లేస్‌మెంటు శిక్షణ తరగతులున్నాయి. ఈ రెండింటికీ వారానికి 9 గంటలు వేసుకుందాం. ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం, మొయినాబాద్ దారుల్లోని కళాశాలలకు నగరం నుంచి వెళ్లి వచ్చే డే స్కాలరుకు రోజుకు రెండున్నర గంటలు బస్సులో పోతే, ఆరు రోజులకు 15 గంటలు. మొత్తం 64 గంటలు. పాత సెమిస్టరులో మిగిలిన సప్లిమెంటరీ పరీక్షలు, ల్యాబ్ రికార్డు తిరగరాయడం, ఇంటిపని ఇంకా కలపనే లేదు.

ఈ అంకెలు ఒక ఊహా విద్యార్థివి. కళాశాలను బట్టి, కోర్సును బట్టి పెరుగుతాయి, తగ్గుతాయి. అయితే ఇలాంటి కూడిక మన విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికల్లో కనిపించదు. సబ్జెక్టుకు పాఠ్య మండలి ఉంది. పరీక్షకు నియంత్రణాధికారి ఉన్నారు. హాస్టలుకు వార్డెన్ ఉన్నారు. వారానికి మాత్రం ఎవరూ లేరు.

మొదటి వాదం: భారం తగ్గించాలి

పాఠ్యాంశాలు, పరీక్షలు మోయలేనంత అయ్యాయని, కోత పెట్టడమే దారని ఈ వర్గం అంటుంది. ఈ వాదానికి బలమైన ఉదాహరణలున్నాయి. 2018లో అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) కొత్త నమూనా పాఠ్యప్రణాళికలో బీటెక్‌ను 160 క్రెడిట్లకు కుదించింది. చాలాచోట్ల అంతకుముందు రెండు వందల చుట్టూ ఉండేవి. ఐఐటీ ఢిల్లీలో సెమిస్టరుకు రెండు మధ్యంతర పరీక్షలు (మిడ్‌లు), చివరలో ఒక పెద్ద పరీక్ష ఉండేవి. విద్యార్థుల మరణాల తర్వాత 2023లో ఆ సంస్థ ఒక మిడ్‌ను తీసేసింది. ఐఐటీ హైదరాబాద్ వేరే దారి పట్టి, పెద్ద కోర్సులను అర క్రెడిట్ దాకా చిన్న ముక్కలు చేసి, విద్యార్థి తనకు కావాల్సినవి ఎంచుకునే పద్ధతి తెచ్చింది.

దీనికి అధ్యాపకులు చెప్పే అభ్యంతరం కూడా తేలిగ్గా తీసేసేది కాదు. కోర్సు కొనసాగుతూ సిలబస్ మాత్రమే తగ్గితే, పట్టా విలువ తగ్గుతుందని వారి భయం. తరగతిలో చెప్పని పాఠాన్ని ఉద్యోగ పరీక్ష అడగకుండా ఊరుకోదు. అప్పుడు ఆ భారం అమీర్‌పేట కోచింగు కేంద్రానికి మారుతుంది, పైగా ఫీజు కట్టాలి. అమెరికాలో ఫిలిప్ బాబ్‌కాక్, మిండీ మార్క్స్ అనే ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం ప్రకారం పూర్తికాలపు కళాశాల విద్యార్థులు తరగతి బయట సొంతంగా చదివే సమయం 1961లో వారానికి సుమారు 24 గంటలుండగా, 2003 నాటికి 14 గంటలకు పడిపోయింది. ఇంత తగ్గినా అక్కడ ఒత్తిడి ఫిర్యాదులు ఆగలేదు. చదువు గంటలు తగ్గినంత మాత్రాన మనసు తేలికపడుతుందన్న హామీ లేదని ఈ వర్గంతో విభేదించేవారు గుర్తుచేస్తారు.

రెండో వాదం: పరీక్షలు తగ్గించడం కాదు, మార్చాలి

విద్యా మనస్తత్వ శాస్త్రం నుంచి వచ్చిన వాదమిది. తరచుగా పెట్టే చిన్న పరీక్ష మంచిదే, దానికి అంటించే మార్కులే చెడ్డవని వీరి మాట. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగాన్ని వీరు తరచూ ఉదహరిస్తారు. ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివిన విద్యార్థులు అయిదు నిమిషాల తర్వాత బాగా గుర్తుచేసుకున్నారు. ఒకసారి చదివి తమను తాము పరీక్షించుకున్నవారు వారం తర్వాత ఎక్కువ గుర్తుచేసుకున్నారు. పాల్ బ్లాక్, డిలన్ విలియం 1998లో చేసిన సమీక్ష కూడా, విద్యార్థికి ఎక్కడ తప్పిందో చెప్పే మూల్యాంకనం చదువును మెరుగుపరుస్తుందని చూపింది.

మన ఇంటర్నల్స్‌లో లోపించింది సరిగ్గా ఆ చెప్పడమే. జేఎన్‌టీయూ హైదరాబాద్ 2018 నిబంధనల్లో ఇంటర్నల్స్‌కు 25 మార్కులు, చివరి పరీక్షకు 75 ఉండేవి. 2022 నిబంధనల్లో అవి 40, 60 అయ్యాయి. మూల్యాంకనం సెమిస్టరంతా పరుచుకోవాలన్న ఆశయం మంచిది. కానీ ఒక్కో సబ్జెక్టుకు రెండు మిడ్‌లు, అసైన్‌మెంట్లు, వైవా అంటే, అయిదారు సబ్జెక్టులున్న విద్యార్థికి ఒకే వారంలో అన్నీ మీద పడతాయి. అరవై మంది ఉన్న సెక్షనుకు, అలాంటి మూడు సెక్షన్లకు పాఠం చెప్పే అధ్యాపకుడు ఒక్కో జవాబుపత్రం మీద రెండు వాక్యాలు రాయగలడా? ఖాళీ పోస్టులు, గెస్ట్ లెక్చరర్లు, గంటకింత అని జీతం ఉన్నచోట అది జరిగే పని కాదు. మార్కు మిగులుతుంది, సలహా మిగలదు.

మొదటి రెండు వాదాల మధ్య నిజమైన విభేదం ఇక్కడే. ఒకరికి పరీక్షల సంఖ్య ముఖ్యం, మరొకరికి పరీక్ష చేసే పని ముఖ్యం. బ్రిటన్‌లో 2009లో మొదలైన టెస్టా అనే ప్రాజెక్టు ఈ రెంటినీ కలిపే ప్రయత్నం చేసింది. ఒక్కో కోర్సును విడిగా చూడటం మాని, డిగ్రీ మొత్తంలో విద్యార్థి ఎన్ని పరీక్షలు, ఎన్ని రకాలవి, ఎంత దగ్గరదగ్గరగా రాస్తున్నాడో లెక్కించి, ఆ లెక్కను శాఖలోని అధ్యాపకులందరి ముందు పెట్టింది. తమ సబ్జెక్టు వరకే చూసుకునే అధ్యాపకులకు మొత్తం బరువు అప్పుడు కనిపించింది.

మూడో వాదం: డబ్బు తేలకుండా చదువు తేలదు

ఈ వర్గం దృష్టిలో మిడ్ పరీక్షకన్నా మెస్ బిల్లు పెద్ద పరీక్ష. 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం లక్షలాది కుటుంబాల్లో మొదటి తరం పట్టభద్రులను తయారుచేసింది. దాన్ని తక్కువచేసి చెప్పడానికి లేదు. అయితే ప్రభుత్వం నుంచి సొమ్ము ఆలస్యమైన ప్రతిసారీ ఆ ఒత్తిడి విద్యార్థి మీదికే దిగుతుంది. ముందు ఫీజు కట్టమంటారు, సర్టిఫికెట్లు ఆపేస్తారు, హాల్‌టికెట్ దగ్గర ఆపుతారు. 2024లో తెలంగాణలోని ప్రైవేటు డిగ్రీ కళాశాలలు బకాయిల కోసం తరగతులే నిలిపేశాయి. అప్పుడు పోయిన పాఠాలు సెమిస్టరు క్యాలెండరులో మళ్లీ దొరకవు.

తిండి లెక్కా అంతే. తెలంగాణ సంక్షేమ హాస్టళ్లలో ఇంటర్ నుంచి పీజీ దాకా చదివేవారికి డైట్ చార్జీలు నెలకు రూ.1,500 ఉండేవి. 2024 చివరలో రూ.2,100 చేశారు. రోజుకు డెబ్భై రూపాయలు, మూడు పూటలకు. ఆంధ్రప్రదేశ్‌లో వసతి దీవెన కింద డిగ్రీ, ఆపై విద్యార్థులకు ఏడాదికి రూ.20,000 ఇచ్చారు. 2022 జూన్‌లో బాసర ఆర్‌జీయూకేటీ విద్యార్థులు వానలో కూర్చుని చేసిన దీక్ష డిమాండ్లలో రెగ్యులర్ ఉపకులపతి నియామకంతోపాటు మెస్సు, వసతుల మాటా ఉంది. చదువు సమస్య, తిండి సమస్య వేరువేరు కావని ఆ విద్యార్థులు దేశమంతటికీ వినిపించారు.

ప్రయాణం ఖర్చులో వచ్చిన మార్పును కూడా ఈ లెక్కలో చేర్చాలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం అమలైంది. హాస్టలులో సీటు రాని అమ్మాయికి, ఇంటినుంచే వెళ్లిరావాల్సిన అమ్మాయికి ఇది పెద్ద ఊరట. డబ్బు మిగిలింది. ప్రయాణంలో పోయే సమయం మాత్రం అలాగే ఉంది. ఇంటికి చేరాక వంటపని కూడా ఆమె వంతే అయితే, చదువుకు కూర్చునేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. క్రెడిట్ చట్రం అబ్బాయికీ అమ్మాయికీ ఒకే నలభై గంటలు వేస్తుంది.

నాలుగో వాదం: మనసు, గౌరవం

నాలుగో వర్గంలో రెండు పాయలున్నాయి. ఒకటి మానసిక ఆరోగ్యాన్ని ముందుపెట్టేది. 2022 అక్టోబరులో కేంద్రం టెలీ మానస్ సేవను ప్రారంభించింది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడవచ్చు. 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై విశ్రాంత న్యాయమూర్తి రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ టాస్క్‌ఫోర్స్‌ను నియమించింది. అదే ఏడాది జూలైలో, విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో, దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక కౌన్సెలర్ ఉండాలన్నది వాటిలో ఒకటి.

రెండో పాయ ఇంకో ప్రశ్న వేస్తుంది: ఒంటరితనానికి కౌన్సెలింగ్ ఇస్తాం సరే, ఒంటరిని చేసే వ్యవస్థను ఏం చేద్దాం? 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం ఈ ప్రశ్నను దేశం ముందు పెట్టింది. హాస్టలు బహిష్కరణ, అందని ఫెలోషిప్, కులం అన్నీ ఆ ఘటన చుట్టూ జరిగిన చర్చలో ఉన్నాయి. విద్యాసంస్థల్లో సమానత్వానికి యూజీసీ నిబంధనలు అప్పటికే, 2012 నుంచీ ఉన్నాయి. నిబంధన ఉండటానికి, అది ఆచరణలోకి రావడానికి మధ్య ఎంత దూరం ఉందో అప్పుడు తెలిసింది.

భాషను కూడా ఇక్కడే చూడాలి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. తెలంగాణలోని తెలుగు విద్యార్థి ఉర్దూలో, కోస్తా విద్యార్థి ఇంగ్లిషులో ఉన్నత చదువు చదివిన కాలమది. ఇద్దరికీ అది ఇంటి భాష కాదు. ఆంధ్రప్రదేశ్ 2021-22 నుంచి డిగ్రీని పూర్తిగా ఇంగ్లిషు మాధ్యమంలోకి మార్చి, రెండు భాషల్లో పాఠ్యపుస్తకాలు తయారుచేయించింది. అదే 2021లో ఏఐసీటీఈ తెలుగుతో సహా అయిదు భారతీయ భాషల్లో ఇంజినీరింగు బోధనకు కొన్ని కళాశాలలను అనుమతించింది. ఉద్యోగానికి ఇంగ్లిషు కావాలన్న మాట నిజం. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థికి ఒక పేజీ చదవడానికి పట్టే సమయం ఎక్కువన్నదీ నిజమే. క్రెడిట్‌కు 30 గంటలు నిర్ణయించినప్పుడు ఎవరి చదివే వేగాన్ని కొలతగా తీసుకున్నారన్న ప్రశ్న అడగాల్సిందే.

పక్కపక్కన పెట్టి చూస్తే

- భారం తగ్గించాలనే వాదం: కోర్సులు, పరీక్షలు ఎక్కువయ్యాయంటుంది, మందు కోత. బలం: వెంటనే అమలు చేయవచ్చు. లోపం: ఖాళీ అయిన గంటలు కోచింగుకు పోతే ఆపలేదు.

- పరీక్ష తీరు మార్చాలనే వాదం: మార్కులున్నాయి, సలహా లేదంటుంది, మందు చిన్న పరీక్షలు, వెంటనే సూచనలు. బలం: పరిశోధన ఆధారం గట్టిది. లోపం: చాలినంతమంది శాశ్వత అధ్యాపకులు లేకపోతే నడవదు.

- ఆర్థిక వాదం: ఫీజు, తిండి, వసతి, ప్రయాణం అసలు కారణాలంటుంది; మందు బకాయిలు తీర్చడం, హాస్టళ్లు పెంచడం. బలం: మొదటి తరం విద్యార్థి జీవితానికి దగ్గరగా ఉంది. లోపం: డబ్బుకు లోటులేని ఐఐటీ విద్యార్థిలో ఒత్తిడి ఎందుకుందో చెప్పదు.

- మనసు, గౌరవం వాదం: ఆపదలో తోడు లేకపోవడం, వివక్ష కారణాలంటుంది, మందు కౌన్సెలర్లు, ఫిర్యాదుల కమిటీలు, జవాబుదారీతనం. బలం: ప్రాణాలకు సంబంధించింది. లోపం: రోజువారీ పనిభారాన్ని కౌన్సెలర్ గదికే వదిలేసే ప్రమాదముంది.

ఈ నాలుగూ ఒకదానికొకటి శత్రువులు కావు. నాలుగింటిలో దేన్ని తీసుకున్నా విద్యార్థి సమయంతోనే పని. కోత గంటలు మిగుల్చుతుంది. మంచి పరీక్ష గంటలకు విలువ తెస్తుంది. స్కాలర్‌షిప్ పార్ట్‌టైమ్ పని గంటలను తగ్గిస్తుంది. గౌరవం దక్కిన చోట మనిషి భయంతో గడిపే గంటలు తగ్గుతాయి.

హాజరు మీద గొడవ

ఈ వాదాలన్నీ ఢీకొనేది హాజరు పట్టిక దగ్గర. యూజీసీ ప్రకారం ఏడాదికి కనీసం 180 పనిదినాలు, అంటే 30 వారాల బోధన జరగాలి. విద్యార్థికి సాధారణంగా 75 శాతం హాజరు ఉండాలి. జేఎన్‌టీయూ నిబంధనల్లో 65 నుంచి 75 మధ్య ఉన్నవారికి అనారోగ్యం వంటి కారణాలు చూపి, ఫీజు కట్టి కండోనేషన్ పొందే వీలుంది. అంతకన్నా తగ్గితే డిటెయిన్. సెమిస్టరు పోతుంది, జూనియర్లతో కలిసి మళ్లీ చదవాలి, స్కాలర్‌షిప్‌కూ చిక్కొస్తుంది.

2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు, న్యాయవిద్యార్థులను హాజరు తక్కువన్న కారణంతో పరీక్ష రాయకుండా ఆపకూడదని తీర్పు చెప్పింది. 2016లో ఒక న్యాయవిద్యార్థి మరణంతో మొదలైన కేసది. ప్రయోగశాలలో కూర్చోకుండా రసాయనశాస్త్రం ఎలా వస్తుందని అధ్యాపకులు అడిగితే కాదనలేం. ఉదయం కేటరింగు పనికి, రాత్రి డెలివరీకి వెళ్లే విద్యార్థికి, పత్తి ఏరే రోజుల్లో ఊరికి వెళ్లక తప్పని విద్యార్థికి 75 శాతం ఎలా వస్తుందని అడిగినా కాదనలేం. హాజరు లేకపోవడానికి కారణం ఏమిటో నమోదు చేసే గడి హాజరు పట్టికలో లేదు. ఆ గడి ఉండి ఉంటే ఈ చర్చలో సగం అనుమానాలు తీరేవి.

సముద్రం దాటిన తెలుగు విద్యార్థి

2023-24 ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం అమెరికాలో చదువుతున్న భారతీయులు 3,31,602 మంది. వారిలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అక్కడ ఎంఎస్ విద్యార్థికి సెమిస్టరుకు మూడు కోర్సులు, తొమ్మిది క్రెడిట్లు మామూలు. చూడ్డానికి తక్కువే. అయితే ఒక్కో కోర్సుకు వారం వారం అసైన్‌మెంట్లు, ప్రాజెక్టులు, చదవాల్సిన వ్యాసాలు ఉంటాయి. ఇక్కడ లక్షల్లో తీసిన విద్యారుణం వడ్డీ పెరుగుతూ ఉంటుంది. అక్కడ తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు.

విద్యార్థి పని గంటలకు ఇతర దేశాలు కూడా పరిమితి పెట్టాయి. కెనడాలో 2024 నవంబరు నుంచి వారానికి 24 గంటలు, ఆస్ట్రేలియాలో 2023 జూలై నుంచి పక్షానికి 48 గంటలు. ఇవి వీసా నిబంధనలే తప్ప విద్యార్థి క్షేమం కోసం పుట్టినవి కావు. బ్రిటన్‌లో సొంత దేశపు విద్యార్థుల పరిస్థితీ మారుతోంది. ఉన్నత విద్యా విధాన సంస్థ హెపీ సర్వేలో, తరగతులు జరిగే రోజుల్లో జీతం కోసం పనిచేసే పూర్తికాలపు విద్యార్థులు 2024లో 56 శాతం, 2025లో 68 శాతం. తరగతులకు తప్ప వేరే పనికి తీరిక లేని విద్యార్థి అన్న ఊహ మీదనే విశ్వవిద్యాలయాలు నడుస్తున్నాయి, ఆ విద్యార్థి అక్కడా ఇక్కడా అరుదైపోతున్నాడు.

యూరప్ క్రెడిట్ విధానం నుంచి ఒక పద్ధతిని మనవారు పట్టించుకోవాలి. అక్కడ ఏడాదికి 60 క్రెడిట్లు, క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటలు. ఆ గంటలు నిజంగా సరిపోతున్నాయా అని విద్యార్థులనే అడిగి, వచ్చిన జవాబును బట్టి కోర్సును సవరించమని దాని మార్గదర్శిక చెబుతుంది. అంతటా అమలవుతోందని కాదు. అడగాలన్న నియమమైతే ఉంది. మనం 30 గంటల అంకెను తెచ్చుకున్నాం, అడిగే పద్ధతిని తెచ్చుకోలేదు.

ఇంకా తేలనివి

మొదటిది, అసైన్‌మెంటు భవిష్యత్తు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఇంటిదగ్గర రాసుకొచ్చే పనికి ఎన్ని మార్కులు వేయాలో చాలా విశ్వవిద్యాలయాలకు స్పష్టత లేదు. తరగతిలోనే రాయిస్తే సమయం కావాలి, వైవా అడిగితే అధ్యాపకులు కావాలి. రెండింటికీ కొరతే.

రెండోది, ఇంటర్న్‌షిప్ ఎవరికి మేలు చేస్తోందన్నది. విజయవాడ, హైదరాబాద్ నగరాల్లో సంస్థలు దొరుకుతాయి. మారుమూల మండల కేంద్రంలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాల విద్యార్థికి ఏం దొరుకుతుంది? పేరుకు సర్టిఫికెట్ తెచ్చే దారి వెతుక్కోవాల్సి వస్తే ఆ నెలలు నష్టమే.

మూడోది, నాలుగో సంవత్సరం. ఆనర్స్ డిగ్రీకి ఇంకో ఏడాది ఉండాలంటే ఫీజు, హాస్టలు, కోల్పోయే సంపాదన అన్నీ పెరుగుతాయి. ఏ కుటుంబాల పిల్లలు అక్కడిదాకా వెళ్తారో, ఎవరు మూడో ఏట ఆగిపోతారో సామాజిక వర్గాలవారీగా, జిల్లాలవారీగా లెక్క తీయాలి.

నాలుగోది అన్నిటికన్నా ముందు చేయగలిగినది. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో 4.33 కోట్ల మంది ఉన్నత విద్యలో ఉన్నారు. వారి సంఖ్య, లింగం, సామాజిక వర్గం, కోర్సు అన్నీ ఆ సర్వేలో దొరుకుతాయి. వారి వారం దొరకదు. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు సెమిస్టరుకు ఒకసారి, కొన్ని కళాశాలల్లోనైనా, ఒక వారం రోజుల సమయ పట్టికను విద్యార్థుల చేత పేరు లేకుండా నింపించవచ్చు. తరగతి, ప్రయాణం, జీతం పని, ఇంటిపని, సొంత చదువు, నిద్ర అన్న ఆరు గడులు చాలు. ఆ అంకెలు పాఠ్య మండలి సమావేశంలో బల్లమీద ఉంటే, కొత్త కోర్సు చేర్చే ముందు ఆ గంటలు ఎక్కడినుంచి తెస్తారని అడిగే వీలు ప్రతి సభ్యుడికీ దొరుకుతుంది. జాతీయ టాస్క్‌ఫోర్స్ పరిధిలో ఉన్నది మానసిక ఆరోగ్యమే అయినా, దాని సిఫార్సులను అమలు చేయాల్సిన కళాశాలలకు ముందుగా కావాల్సింది ఈ సమాచారమే.